తల్లిగారింటి జాలుపెసర

ఆ ఏడాది మా కాలనీలో అన్నిటికంటే ముందు ఆగిపోయింది చప్పుడు.

తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెకు దిగిన సెప్టెంబరు అది, రెండువేల పదకొండు. గోదావరిఖనిలో పొద్దుటి షిఫ్టు లేదు, రాత్రి షిఫ్టు లేదు. మధ్యాహ్నం రెండింటికి బొగ్గు కోసం నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో పేలే మందు కూడా లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ వేళకు అటక మీద గిన్నెలు గలగలమనడం విని పెరిగినదాన్ని. అవి కదలకపోయేసరికి ఏదో పని మరిచిపోయినట్టు ఉలిక్కిపడేదాన్ని. గాల్లో దుమ్ము నేలకు దిగింది. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికీ తెల్లగానే ఉండేది. రోజులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలిసేది కాదు.

నాకప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీ కూడా బంద్. మా బాపు పోశం గనిలోపల పని చేసేవాడు. సమ్మెలో కూడా డ్యూటీకి పోయినట్టే పొద్దున్నే తయారై సమ్మెవాళ్లు కూర్చునే టెంటుకు పోయేవాడు. అమ్మ అనసూర్య మాత్రం మేకపోతును తోలుకుని ఊటపల్లి పోయేది.

ఊటపల్లి అమ్మ పుట్టిన ఊరు. ఊరు అంటున్నాను గానీ అప్పటికి ఊరు లేదు. ఇళ్లు, బడి, పోచమ్మ గద్దె అన్నీ ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. మిగిలింది ఒక్క జాలు. జాలంటే ఏడాది పొడుగునా అడుగునుంచి నీరు ఊరే తడి నేల. అది సౌడు నేల కూడా. కాస్త ఎండిన చోటల్లా తెల్లగా ఉప్పు పేరుకునేది. ఒకప్పుడు బట్టలుతికేవాళ్లు ఆ మన్నే గీరుకుపోయేవారట. వరి రాదు, జొన్న రాదు. ఎవరికీ పనికిరాని నేల కనుక అందరికంటే చివర మిగిలింది. బొగ్గు కోసం తవ్విన మట్టిని డంపర్లు తెచ్చి పోస్తుంటే జాలు చుట్టూ గుట్ట లేచింది. గుట్ట పాదం జాలు అంచును తాకే రోజున సమ్మె వచ్చింది.

ఆ మేకపోతు పేరు ఓవర్‌మేను. గనిలో అజమాయిషీ చేసే ఓవర్‌మ్యాన్‌లాగే తను ఏ పనీ చేయకుండా అందరినీ ఉరిమి చూస్తుందని బాపు పెట్టాడు. దసరాకు కోసుకుని ఆరిళ్లవాళ్లం మాంసం పోగులు వేసుకోవాలని ఉగాది నుంచీ మేపుతున్నాం. కోసుకునే దానికి పేరెందుకు పెట్టాలి చెప్పండి? ఆ తప్పు మాత్రం మా బాపుదే.

సమ్మెకు ముందు కాలేజీలో మొక్కలను ఎండబెట్టి రికార్డులో అంటించమన్నారు. అందరూ కాలనీలో దొరికినవే అంటించారు. నేను జాలులోంచి తెచ్చినదాన్ని అంటించాను. దాన్ని చూసి మా బాటనీ మేడం నాగరత్నం గారు క్లాసు మధ్యలో ఆగిపోయారు. వారిది కాకినాడ వైపు. భర్త భీమశంకరం గారు పవర్ ప్లాంటులో ఇంజనీరు, జ్యోతినగర్‌లో క్వార్టరు. సమ్మె మొదలైన నాలుగో రోజు ఆవిడ స్కూటీ మీద వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. అమ్మా నేనూ ఊటపల్లి తీసుకుపోయాం.

జాలు అంచున మేడం చెప్పులు విప్పేశారు. మోకాళ్ల దాకా గడ్డి, పాదాల కింద చల్లటి బురద. ఆ గడ్డిలో అక్కడక్కడ, బట్టలకు నీలిమందు పెట్టాక బకెట్ అడుగున మిగిలే నీళ్ల రంగులో పూలు. ప్రతి కాడకీ కొసన పూలు గుత్తిగా ఉంటాయి. కింద సన్నటి కాయలు ముదురుతుంటే పైన పూత సాగుతూనే ఉంటుంది. మేడం ఆ తడిలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయారు.

"దీన్నేమంటారండీ?" అని అమ్మను అడిగారు.

"జాలుపెసర మేడం. పొద్దుగాల ఇచ్చుకుంటది, ఎండ ముదిరితే ముడుసుకుంటది. మా చిన్నప్పుడు మాకు ఇదే గడియారం."

"ఇంకెక్కడైనా చూశారా?"

"ఊటపల్లిల తప్ప ఏడుంటది? ఇది మా ఊరిది."

మేడం కింది కాయను వేలి కొసతో తడిమారు. "మా పుస్తకాల్లో దీని గురించి ఒక్క వాక్యం ఉందమ్మా. ఎప్పుడో ఎవరో చూశారని. ఆ తర్వాత చూసినవాళ్లు లేరు."

"మేం రోజు సూస్తనే ఉన్నం గద," అంది అమ్మ అమాయకంగా. మేడం ఫక్కున నవ్వారు.

అప్పటికే ఓవర్‌మేను తాడు తెంచుకునేలా గుంజుతోంది. అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "దీనికి జాలుపెసరంటే పానం. ఇడిస్తే మొత్తం నాకిపెడ్తది."

ఆ తర్వాతి రెండు వారాలు గుర్తొస్తే నాకిప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటుంది. తెల్లవారుతూనే ముగ్గురం జాలుకు పోయేవాళ్లం. మంచు విడిచేదాకా ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. గుట్ట మీద డంపర్లు వరసగా నిలబడి ఉండేవి. వాటి టైర్ల నీడన పిట్టలు మట్టిస్నానం చేసేవి. ఎండ పడగానే పూలు ఒక్కొక్కటే విచ్చుకునేవి. అమ్మ ఆ గడ్డిలో నిలబడి ఇదిగో ఇది మా వాకిలి, అదిగో అక్కడ మా నాయిన మేకల దొడ్డి అని గాల్లో చూపించేది. నాకు అక్కడ ఏమీ కనపడేది కాదు, అయినా తల ఊపేదాన్ని. మేడం అన్నీ నోటుపుస్తకంలో రాసుకునేవారు, దొడ్డి సంగతి కూడా.

కాలనీలో గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటి సారవ్వ పెద్దమ్మ ఒకరోజు నల్లా దగ్గర అడగనే అడిగింది. "మనోళ్లు రాష్ట్రం కోసం రోడ్ల మీద కూసుంటే, నువ్వు ఆంధ్ర మేడంను ఎంబడేసుకొని గడ్డి సూపెడ్తున్నవా?"

"గడ్డి సూడొచ్చిన మనిషి గడ్డి సూసి పోతది. నీకేం నొప్పయితంది?" అంది అమ్మ బిందె ఎత్తుకుంటూ.

మేడం నాకొక పని చెప్పారు. "కాయలు నల్లబడాలి సంధ్యా. అప్పుడే గింజ గట్టిపడినట్టు. ఇప్పుడిప్పుడే కింది కాయలు రంగు తిరుగుతున్నాయి. దసరా దాటాక వారం రోజులు ఆగితే సరిపోతుంది. సమ్మె ఆగితే డంపర్లు జాలును కప్పేస్తాయి. ఈలోపు గింజలు మన చేతికొస్తే ఇలాంటి నేల చూసి ఇంకోచోట వేద్దాం. అందాకా ఎవరూ తుంచకూడదు. రోడ్లు బంద్ అంటున్నారు, నేను కొన్నాళ్లు రాలేకపోవచ్చు. అమ్మకు చెప్పు."

నేను అమ్మకు సగమే చెప్పాను. సమ్మె ఆగితే డంపర్లొచ్చి జాలును కప్పేస్తాయట అని చెప్పాను. గింజల సంగతి చెప్పలేదు. మరిచిపోయి కాదు. మేడం అంత పెద్ద పని నాకొక్కదానికే అప్పజెప్పారని టెక్కు. ఏడో తరగతి దాటని అమ్మకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

బతుకమ్మ పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు టెంటు దగ్గర పుకారు పుట్టింది, రేపో మాపో సమ్మె విరమిస్తారని. బాపు ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు ఎగదోసింది.

తెల్లారి నేను లేచేసరికి వాకిలి నిండా పూలు. ఒకపక్క తంగేడు, ఒకపక్క గునుగు. మధ్యలో చాప మీద నీలం. అమ్మ చీకట్లోనే పోయి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. సారవ్వ పెద్దమ్మ గుత్తులను కట్టలు కడుతుంటే అమ్మ కత్తిపీట మీద కాడలను ఒకే పొడుగుకు తెగ్గోస్తోంది. బతుకమ్మ పేర్చేటప్పుడు అలాగే కోస్తాం, కాడలు సమంగా లేకపోతే వరస నిలవదు. పూలు తాంబాళంలోకి, తెగిన కాడలు పక్కకు. ఆ పక్కన ఓవర్‌మేను కళ్లు మూసుకుని నములుతోంది.

"అమ్మా, ఇవి... జాలువేనా?"

"అన్ని తెచ్చిన బిడ్డా. ఒక్కటి ఇడువలే." అమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. "ఆడబిడ్డలంత బతుకమ్మకు తల్లిగారింటికి పోతరు. నాకు పోదామంటే ఇల్లు లేకపాయె. గీ పూలే నా తల్లిగారు. గా మట్టి కింద పడి కుళ్లుడెందుకు? గౌరమ్మ ఎంబడి పాటలతోటి పోనీ."

గింజల మాట చెప్పకుండానే ముఖం కడుక్కునే నెపంతో లోపలికి పోయాను.

సాయంత్రం మేడం వచ్చారు. అమ్మే పిలిచింది. వారం తర్వాత రోడ్లు తెరుచుకున్నాయని ఆవిడ పట్టుచీర కట్టుకుని, సంచిలో కాగితపు పొట్లాలు కూడా పెట్టుకుని వచ్చారు, మర్నాడు జాలుకు పోయి ముందే ముదిరిన కాయలేమైనా ఉంటే ఏరుకుందామని. వాకిట్లో అమ్మ బతుకమ్మ నడుము ఎత్తున ఉంది. తంగేడు, గునుగు వరసల పైన నీలం వరస, దాని పైన పసుపు గౌరమ్మ.

"మీ పువ్వు మేడం! మీరొస్తరని పై వరసకు పెట్టిన," అంది అమ్మ.

మేడం ఆ వరసను చుట్టూ తిరిగి చూశారు. చేయి చాపి, తాకకుండానే వెనక్కి తీసుకున్నారు. "చాలా బాగుంది అనసూర్యగారూ," అన్నారు.

అంతే అన్నారు. తర్వాత ఆడవాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగారు. అడుగు తప్పుతుంటే సారవ్వ పెద్దమ్మే మోచేయి పట్టుకుని సరిచేసింది. పాటలో మునిగి ఎవరూ చూడలేదు గానీ, మేడం కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నేను చూశాను. చూసి తల దించుకున్నాను.

మా కాలనీకి చెరువు లేదు. గనిలోంచి పంపులతో తోడిన నీళ్లు పారే కాలువ ఉంది. సమ్మెలోనూ పంపులు ఆపరు, ఆపితే గని మునిగిపోతుంది. ఆ కాలువలోనే బతుకమ్మలను సాగనంపుతాం. నీలం వరస ఊగుతూ పోయి మలుపు దగ్గర తంగేడు పసుపులో కలిసిపోయింది. అమ్మ చేతులు జోడించింది. అప్పుడు చెప్పాను నేను, మొత్తం. గింజలు, నల్లబడాల్సిన కాయలు, దసరా తర్వాత వారం.

అమ్మ ముందు మేడం వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలే మేడం?"

మేడం నా వైపు చూశారు.

"చెప్పమన్నరు. నేనే చెప్పలే," అన్నాను.

అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. కాలువ గట్టు మీద కూర్చుని ఖాళీ తాంబాళాన్ని ఒళ్లో పెట్టుకుంది. దాని అంచును వేలితో తుడుస్తూ అడిగింది. "కాయలు నల్లయి గావాల్నా?"

"నల్లవే కావాలి."

"కింద కొన్ని నల్లగ ఉండె. కాడలు కోస్తుంటే సూసిన."

"ఆ కాడలు ఎక్కడున్నాయి?" మేడం గొంతు పెరిగింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఇంటికి దాదాపు పరుగెత్తాం. వాకిట్లో ఒక్క పుల్ల లేదు. ఓవర్‌మేను గుంజకు ఆనుకుని పడుకుని, నెమరు వేస్తూ మా వైపు తీరిగ్గా చూసింది. పట్టుచీరలో మేడం, తాంబాళంతో అమ్మ, ఏడుపు ముఖంతో నేను. బాపు అప్పుడే టెంటు నుంచి వచ్చి ఏమైందో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు.

మొదట తేరుకుంది అమ్మే. "తుమ్మకాయలు తిన్న మేకల దొడ్లె గింజలు గింజల్లెక్కనే ఉంటయ్ మేడం. మా నాయిన గా పెంట చెల్కకు ఏస్తే ఏడాది తిరిగేసరికి అంత తుమ్మలే మొలిచినయ్. గట్టి గింజ అరగదు."

మేడం కళ్లు పెద్దవయ్యాయి. "నిజమే. ఇదీ ఆ జాతిదే. ఎన్నాళ్లకు బయటికొస్తాయి?"

"మూడొద్దులు, నాలుగొద్దులు. ముందుగాల కోస్తే పొట్టల మేతల కలిసిపోయి దొరకయ్."

"ఎల్లుండే దసరా," అన్నాడు బాపు.

మిగిలింది రెండు రోజులు. అమ్మ ఓవర్‌మేనును ఇంటివెనక కట్టేసి, కింద పాత చీర పరిచింది. బాపుకు జరిగిందంతా తెలుసు. అమ్మ ఏమీ అడగలేదు, అడిగితే కాదనలేడని ఆమెకు తెలుసు. అడగకపోవడం ఇంకా కష్టం అనుకుంటాను. "ఆరిళ్లు ఎదురుసూస్తున్నయే," అన్నాడొకసారి అన్నం తింటూ. "జీతం లేని నెల. దసరా నాడు పిల్లలకు ముక్క పెట్టకపోతే మొకం ఎట్ల సూపిస్త?" అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

దసరా పొద్దున్నే ఎల్లన్న మామ కత్తి నూరుకుని వచ్చాడు. ఆయనదీ ఊటపల్లే, అమ్మకు వరసకు అన్న. వెనక సదయ్య కాక, ఇంకా ముగ్గురు గిన్నెలతో, మోదుగాకులతో వచ్చారు. పిల్లలు గోడెక్కి కూర్చున్నారు. బాపు ఓవర్‌మేను తాడు పట్టుకుని ఇంటివెనక నుంచి తీసుకొచ్చాడు. తెచ్చాడు గానీ తాడు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"ఏందిరా బావా, ఆల్చం జేస్తున్నవ్?" అన్నాడు ఎల్లన్న మామ.

బాపు తాడును చేతికి చుట్టుకున్నాడు. "ఇయ్యాల కొయ్యద్దు ఎల్లన్నా. దీని కడుపుల మా అనసూర్య తల్లిగారూరున్నది."

సదయ్య కాక కిసుక్కున నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు. బాపు జాలుపెసర సంగతి చెప్పాడు. నత్తినత్తిగా, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. అమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది.

ఎల్లన్న మామ కత్తి కింద పెట్టి మేక ముందు గొంతుకూర్చున్నాడు. దాని కడుపు మీద అరచేయి ఆనించాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మా ఇల్లు గూడ ఉన్నదా బావా, ఇందుల?"

"ఉంటది," అన్నాడు బాపు.

మామ లేచి కత్తిని రుమాల్లో చుట్టాడు. "సదన్నా, కోళ్లేమన్న దొరుకుతయేమో సూడరాదు."

"పెంటికల కోసం పండుగ ఆపినోళ్లను ఈడనే సూసిన," అని గొణుగుతూ సదయ్య కాక సైకిలెక్కాడు. ఆ దసరాకు ఆరిళ్లకూ కలిపి మూడు కోళ్లు. పులుసే ఎక్కువ. సాయంత్రం జమ్మి ఆకు పంచుకుంటూ ఎల్లన్న మామ ఒక ఆకు ఓవర్‌మేను కొమ్ముకు కూడా పెట్టాడు. అది తల విదిలించి, కింద పడ్డ ఆకును తినేసింది.

తర్వాతి నాలుగు రోజులు మేడం జల్లెడ పట్టుకుని వచ్చేవారు. అమ్మా ఆవిడా ఇంటివెనక పీటలేసుకుని పెంటికలు చిదిపేవారు. కాకినాడ ముచ్చట్లు, ఊటపల్లి ముచ్చట్లు కలగలిసి వినిపించేవి. సారవ్వ పెద్దమ్మ గోడ మీంచి చూసి ముక్కు మూసుకునేది, పోయేది మాత్రం కాదు. మొత్తం ఇరవై మూడు గింజలు దొరికాయి, నల్లగా, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. సగం మేడం తీసుకున్నారు, కుండీల్లో వేసి చూస్తానని. మిగతా సగం అమ్మ కాలువ గట్టున వేసింది. గని నీళ్లు తడిపి ఎండిన చోట అక్కడా నేల తెల్లగానే ఉంటుంది.

ఆ నెలలోనే సమ్మె ఆగింది. మధ్యాహ్నం రెండింటికి గిన్నెలు మళ్లీ గలగలమన్నాయి. అమ్మ ఒక్కతే ఊటపల్లి పోయి సాయంత్రం వచ్చింది. "అయిపోయింది," అంది. ఆ పూట బాపు అన్నం వండాడు.

మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి. జ్యోతినగర్ కుండీల్లో ఒక్కటీ మొలవలేదు. కాలువ గట్టున గడ్డి మాత్రం మోకాలెత్తు పెరిగింది. ఏ ఆకు చూసినా నాకు అదే అనిపించేది, ఏదీ కాదు. అమ్మ చూడటం మానేసింది. ఓవర్‌మేనును కోసే మాట ఎవరూ ఎత్తలేదు. అది బలిసి ఇంకా కోపిష్టిదైంది.

బతుకమ్మ ఇంకో పది రోజులుందనగా, ఒక పొద్దున సారవ్వ పెద్దమ్మ కాలువ దగ్గర నుంచి చెప్పులు లేకుండా ఉరికొచ్చింది.

"అనసూర్యా! ఓ అనసూర్యా! నీ తల్లిగారొచ్చిండ్రే!"

ఎవరో చుట్టాలనుకుని నేను బయటికొచ్చాను. అమ్మ ఏమీ అనుకోలేదు. పిండి చేతులతోనే నడిచిపోయింది. గడ్డిని రెండు చేతులా పాయ తీసినట్టు తీసింది. నాలుగు మొక్కలు. నాలుగింటి కొసలకూ ఆ నీలం.

"నిలబడి సూస్తున్నవేందే? ఆ మేడంకు ఫోన్ చెయ్యి," అని సారవ్వ పెద్దమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

బాపు గని నుంచి తెచ్చిన, బొగ్గు మోసే పాత బెల్టు ముక్కలతో వాటి చుట్టూ దడి కట్టాడు. మనుషులకు కాదు, ఓవర్‌మేనుకు. వాటిని నాటిందీ అదే, దొరికితే తినేదీ అదే.

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి కొత్త చీర కట్టింది. సత్తుపిండి డబ్బాలో సర్ది చేతిసంచిలో పెట్టుకుంది. బాపు చాయ్ తాగుతున్నాడు.

"తల్లిగారింటికి పోయొస్త," అంది.

మా గుమ్మం నుంచి కాలువ గట్టుకు నలభై అడుగులుంటుంది. బాపు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, ఏటా పండక్కి ప్రతి ఇంటి మొగుడూ అడిగినట్టే అడిగాడు.

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"పూలు ముడుసుకున్నంక," అంది అమ్మ.